పద్నాలుగో పేరు

నేను ఒక బదిలీ జాబితాను. ఒక సంస్థ విమానం రద్దయితే, దాని ప్రయాణికులను మరో సంస్థ విమానం ఎక్కించేటప్పుడు పేర్లు రాసి ఇచ్చే కాగితాన్ని. ఎక్కించుకున్నవాళ్లు ఆ తర్వాత నన్ను జతచేసి మొదటి సంస్థకు బిల్లు పంపుతారు.

ఏ ప్రెస్సులో అచ్చయ్యానో గుర్తులేదు కానీ, నాకు ప్రాణం వచ్చింది విశాఖ విమానాశ్రయంలో, సునంద చేతుల్లో. ఆమె ఉద్యోగంలో చేరి ఐదు నెలలే, ఇంకా పర్మనెంటు కాలేదు. ఆ ఉదయం వాళ్ల సంస్థ బెంగళూరు విమానం రద్దయింది. చుట్టూ జనం అరుస్తుంటే ఆమె పదమూడు పేర్లు ముత్యాల్లా రాసింది. పద్నాలుగోది ఒక పసిపాప పేరు. అది రాయగానే పాప పెన్ను లాక్కుని, ఇవ్వనంటే ఇవ్వనని గుప్పిట బిగించింది. సునందకు నవ్వొచ్చింది. ఆ పేరు పక్కన ‘తల్లి ఒళ్లో’ అని పెన్సిల్‌తో రాసింది. ఎంత మెత్తగా తగిలిందో ఆ రాత!

ప్రయాణికులను ఎక్కించుకున్న సంస్థకు హైదరాబాద్‌లో ఆఫీసుంది. అక్కడ బిల్లులు చూసే మోజెస్ గారు నన్ను స్కాన్ చేసి, నా బొమ్మను ఎలక్ట్రానిక్ ఇన్‌వాయిస్‌కు తగిలించి పంపారు. పెన్సిల్ రాత ఆ బొమ్మలో పడలేదు. మనుషులు బొమ్మను నమ్ముతారు, అసలును పెట్టెలో పడేస్తారు. వారానికే ఇన్‌వాయిస్ తిరిగొచ్చింది: సీట్లు పదమూడు, బిల్లు పద్నాలుగింటికి!

ఆ మర్నాడు సునంద మోజెస్ గారికి ఫోన్ చేసింది. పద్నాలుగో మనిషిని తనే దొంగతనంగా ఎక్కించిందని మేనేజరు అంటున్నాడట. సాయంత్రంలోగా రుజువు చూపకపోతే ఉద్యోగం పోయినట్టే.

“నేనెవర్నీ ఎక్కించలేదు సార్. ఒక్కసారి ఆ కాగితం చూడండి, మీకు పుణ్యముంటాది.”

“స్కాన్ నా ముందల్నే ఉందమ్మా. పద్నాలుగు పేర్లున్నయ్.”

“స్కాన్ కాదు సార్, కాగితం! పక్కన పెన్సిల్‌తో రాశాను.”

“గిసుమంటి కాగితం మీద పెన్సిలేంది తల్లీ?”

“పాప పెన్ను ఇవ్వలేదు సార్!”

మోజెస్ గారు పకపకా నవ్వారు. నవ్వుతూనే పెట్టె దింపి, నన్ను వెతికి, కిటికీ వెలుగులో ఏటవాలుగా పట్టుకున్నారు. రెండు మాటలూ తళుక్కుమన్నాయి. వెంటనే నన్ను రంగుల్లో స్కాన్ చేసి, ఒళ్లో పాపకు పడే కొద్దిపాటి ఛార్జీ మాత్రమే వేసి, బిల్లు సరిదిద్ది పంపారు.

నాలుగింటికి మళ్లీ ఫోన్.

“సార్! రేపు డ్యూటీకి రమ్మన్నారు!”

“మంచిగైంది. గిప్పట్నుంచి రెండు పెన్నులు పెట్టుకో బిడ్డా.”

నన్ను మళ్లీ పెట్టెలో పెట్టారు. ఏదో ఒక రోజు ముక్కలు చేసే యంత్రంలోకి వెళ్తానని తెలుసు. దిగులేమీ లేదు. ఈ పెట్టెలో మా కాగితాలన్నింటి మీదా వందల పేర్లున్నాయి. వాళ్లందరూ విమానం రద్దయి బిక్కమొహం వేసినవాళ్లే. అయితేనేం, బిల్లు వెళ్లిందంటే ప్రతి ఒక్కరూ ఊరు చేరినట్టేగా!