గౌరమ్మ మరచెంబు

ఇత్తడి పళ్ళెం అంచు మీద బైరాగి గరుకు కాగితం పెట్టి రుద్దుతున్నాడు. పళ్ళెం మీద చుక్కల అక్షరాలతో కృష్ణవేణి అని కొట్టించి ఉంది. పెళ్ళికో గృహప్రవేశానికో ఎవరో మనసుపడి కొట్టించిన పేరు. కృష్ణ పోయింది. ఇంకా వేణి మిగిలింది.

పలాస సంతలో రోడ్డు వారగా, నీలం పట్టా మీద అతని దుకాణం. తుప్పు లాంతర్లు, చెక్క కవ్వం, ముల్లు కదలని గోడగడియారం, మూతలేని కూజాలు. అరవై దాటిన మనిషి. మూటలు మోసి మోసి ఎడమ భుజం కిందికి జారిపోయింది. గోళ్ళ కింద ఇత్తడి నలుపు ఎంత తోమినా వదలదు. పెదవుల మధ్య చుట్ట ఉంటుంది గాని అది వెలిగినప్పుడు చూసినవాళ్ళు తక్కువ.

పాత సామాను చేతికి రాగానే అతను చేసే మొదటి పని పేరు చెరపడం. వేరేవాళ్ళ పేరున్న గిన్నెలో ఎవరూ వండుకోరు. చెరిపి, చింతపండు పెట్టి తోమితే అది ఎవరిదైనా కావచ్చు. తండ్రి దగ్గర నేర్చుకున్న పని. దాన్ని తప్పని అతనెప్పుడూ అనుకోలేదు. ఒక్క చెంబు విషయంలో తప్ప.

"బావా, లాంతరు! లాంతరు సూడు!"

మోటారు సైకిలు ఇంకా ఆగకుండానే ఒక అమ్మాయి దూకేసింది. పసుపుతాడు ఇంకా పచ్చగా ఉంది. పాదాల పారాణి పూర్తిగా వెలిసిపోలేదు.

"ఇంట్లో మంచం నేదు, లాంతరుకి తొందరేటి భవ్యా?" అన్నాడు బండి మీది కుర్రాడు.

"మంచం కొనేస్తే లాంతరుకి చోటెక్కడుంటాది? అందుకే ముందు ఇది!" ఆ లెక్కకి తనే నవ్వేసింది భవ్యశ్రీ. గడియారాన్ని చెవి దగ్గర పెట్టుకుని విన్నది. కవ్వాన్ని రెండు చేతుల మధ్య తిప్పి మొగుడు సూర్యం బుగ్గ మీద చిలికింది. అంతలో బైరాగి చేతిలో పళ్ళెం చూసింది.

"అయ్యో తాతా, చెరిపేత్తన్నారేటి?"

"పేరుంటే ఎవులూ కొనరమ్మా."

"మేం కొంటాం! పేరుంటేనే కదా బాగుంటాది. ఆవిడ ఇందులో ఏం తిన్నాదో, ఎవరికి వడ్డించిందో అనుకుంటూ అన్నం తినొచ్చు."

"అలా అనుకుంటూ కూకుంటే కూర నేను తినేస్తాను," అన్నాడు సూర్యం.

బైరాగి చెయ్యి ఆగిపోయింది. పేరుంటేనే బాగుంటుందని ఇన్నేళ్ళలో అతనితో అన్నవాళ్ళు లేరు.

సూర్యం దాహమేసి, బండికి వేలాడుతున్న ఇత్తడి మరచెంబు తీశాడు. మూత తిప్పి, తల వెనక్కి వంచి, ఎత్తిపోసుకున్నాడు. చెంబు అడుగు బైరాగి కళ్ళకి ఎదురుగా వచ్చింది. అడుగున తగరంతో వేసిన మాటు. అచ్చం జీడిపిక్కలా వంపు తిరిగిన మాటు.

ఆ మాటు వేసింది తనే.

"ఒకపాలి ఇటియ్యి బాబూ," అన్నాడు. చెంబు మెడ కింద వేలు పెట్టి చూశాడు. అక్కడ ఇత్తడి మిగతా చోట్ల కన్నా నున్నగా, కొంచెం పల్లంగా ఉంది. అలా రుద్దిందీ తనే.

భార్య గౌరమ్మని మొదటిసారి విశాఖపట్నం పెద్దాసుపత్రికి తీసుకెళ్ళే ముందు ఇంట్లో ఉన్న ఇత్తడంతా అమ్మేశాడు. ఈ చెంబు డొంకూరులో ఆమె తండ్రి చేపల వేటకెళ్ళేటప్పుడు పడవలో మంచినీళ్ళు తీసుకెళ్ళిన చెంబు. కూతురు పుట్టినప్పుడు దాని మీద ఆమె పేరు కొట్టించాడట. అడుగు కారుతుంటే మాటు వేసి, పేరు చెరిపి, అదీ అమ్మేశాడు బైరాగి. ఆసుపత్రి నుంచి వచ్చాక ఆమె చెంబేదని అడిగితే, మొన్నటి తుపానులో కొట్టుకుపోయిందన్నాడు. అప్పటి నుంచి ప్రతి సంతలోనూ పక్క దుకాణాల మరచెంబులన్నీ తిప్పి అడుగు చూస్తూనే ఉన్నాడు.

"అమ్మా, దీనికి బదులు ఈ పట్టా మీద నీకేది కావాలంటే అది అట్టుకెళ్ళు. ఇది నా ఇంటిదాని సెంబు."

భవ్యశ్రీ చెంబు వంక ఒక్కసారి ఆశగా చూసింది. "మా పెళ్ళయ్యాక మొదట కొన్నది ఇదే తాతా," అంది. అని, వెంటనే రెండు చేతులతో అతని ఒళ్ళో పెట్టేసింది. బదులుగా లాంతరు తీసుకోలేదు, గడియారం తీసుకోలేదు. సగం చెరిగిన పళ్ళెం తీసుకుంది. వెళ్తూ వెళ్తూ అడిగింది: "మరి దీని మీద ఆవిడ పేరు లేదేటి?"

బైరాగి సామాను మూటకట్టి పట్టా మడతపెట్టేశాడు.

కవిటి బస్సు దిగి కొబ్బరితోటల్లోంచి ఇంటికి చేరేసరికి మధ్యాహ్నమైంది. గౌరమ్మ నడిమింట్లో నులకమంచం మీద ఉంది. కాళ్ళు వాచి నిగనిగలాడుతున్నాయి. డయాలసిస్ సూదులు గుచ్చిన చెయ్యి ముడులు కట్టి, తాడులా ఉంది.

"ఏటి మావా, బేగొచ్చినావు? సామానొగ్గేసి నిన్నే కొనీసారేమో అనుకున్నాను."

"నన్నెవులు కొంతారే. ఇదిగో, సూడు." చెంబు కడిగి, నీళ్ళు పోసి తెచ్చాడు.

ఆమె రెండు చేతులతో అందుకుంది. బొటనవేలు తిన్నగా మెడ కిందికి వెళ్ళింది. చుట్టూ తిరిగింది. మళ్ళీ తిరిగింది.

"నాది కాదు మావా."

"సరిగ్గా సూడు."

"నా పేరుంటాది దాని మీద. అడుగున మాటు కూడా నేదు నాదానికి. ఇదెవులిదో." చెంబు గుండెకి ఆనించుకుని నవ్వింది. "నాది తుపాన్లో ఎలిపోనాది కదా. సముద్రంలో మా అయ్యకి అందేసుంటాది. పోన్లే, నీళ్ళు తాగుతాడు."

ఆమె తండ్రి ఒకనాడు వేటకెళ్ళి తిరిగి రాలేదు. తను ఆడిన అబద్ధాన్ని ఇన్నాళ్ళూ ఆమె అలా దాచుకుందని బైరాగికి ఆ పూటే తెలిసింది.

డాక్టరు నీళ్ళు కొలిచి తాగమన్నాడు. గౌరమ్మ రెండే గుక్కలు తాగి, పెదవులు తుడుచుకుంది. "సల్లగున్నాయి. ఈ సెంబు గలామె ఎక్కడున్నా సల్లగుండాల," అని గోడవైపు తిరిగి పడుకుంది.

బైరాగి చెంబు తీసుకుని వీధరుగు మీదకొచ్చాడు. మిగిలిన నీళ్ళు తులసి మొక్కకి పోశాడు. సంచీలోంచి సన్నటి మేకు, చిన్న సుత్తి తీశాడు. పేర్లు చెరపడమే గాని కొట్టడం అతనికి రాదు. అయినా చెంబు తొడల మధ్య ఇరికించుకుని, నున్నటి చోట మేకు ఆనించాడు. ఇంట్లో ఏ చప్పుడైనా అదేమిటని అడిగేదాకా గౌరమ్మకి తోచదు. ఏటా సప్పుడు అంటుంది. అడగ్గానే అంతా చెప్పేయాలి. అమ్మానని, చెరిపానని, అబద్ధమాడానని. తిట్టనీ. మీ అయ్యకి అందలేదే, నీకే అందింది అనాలి.

ఒక్క దెబ్బ కొట్టాడు. ఖంగుమంది.

ఆగాడు. కొబ్బరాకుల గాలి తప్ప ఏమీ వినపడలేదు.

"గౌరీ," అన్నాడు మెల్లిగా.

ఇంకొంచెం సేపు ఆగాడు. తర్వాత సుత్తి కింద పెట్టి లోపలికి వెళ్ళాడు.

పొద్దు వాలేవేళకి గౌరమ్మ కడసారి చూపుకి అరుగు నిండా జనం చేరారు. ఎవరో దారికి అడ్డమని సుత్తినీ మేకునీ తీసి పక్కన పెట్టారు. చెంబుని మాత్రం గోడవారకి జరిపారు. దాని మెడ కింద, నున్నటి ఇత్తడి మీద, ఒకే ఒక్క చుక్క.