ఆరు సీసాల ఆట

చైత్రను తీసుకుపోవడానికి కళ్యాణి శనివారం వచ్చింది. వస్తానని నెల ముందే చెప్పింది. అయినా గేటు చప్పుడు వినగానే శైలజ చేతిలో పని వదిలేసి చైత్రను దగ్గరికి లాక్కుంది.

కళ్యాణి ఆమె సొంత చెల్లెలు. చైత్రను కన్నది కళ్యాణే. పురిటి మంచం మీదే ఆమెకు మతి చెదిరింది. బిడ్డను చూస్తే భయపడేది. పాలివ్వమంటే గోడవైపు తిరిగి పడుకునేది. నలభై రోజుల పసిగుడ్డును కె.ఆర్.పురంలోని చెల్లెలి ఇంటి నుంచి యలహంకలోని తన ఇంటికి ఎత్తుకొచ్చింది శైలజే. నెలో, రెండు నెలలో అనుకున్నారు. నాలుగేళ్ళయింది. పిల్లలు లేని ఆ ఇంట్లో శైలజ, ఆమె భర్త వెంకటగిరియప్ప అమ్మా నాన్నా అయిపోయారు. మందులతో, భర్త బాలరాజు ఓపికతో కళ్యాణి మెల్లగా కోలుకుంది. ఏడాదిగా బట్టలు కుట్టే గార్మెంట్సులో పనికి కూడా పోతోంది. నెలకోసారి వచ్చి పోయే పిన్నిగానే చైత్రకు ఆమె తెలుసు. ఇప్పుడు తన బిడ్డ తనకు కావాలంది. ఆ మాటలో తప్పు ఎంత వెతికినా శైలజకు దొరకలేదు.

భోజనాలయ్యేసరికి వాన పట్టుకుంది. తగ్గాక పోదురులే అన్నాడు వెంకటగిరియప్ప. తను మాత్రం కొట్టు తెరవాలంటూ, ఎవరి ముఖమూ చూడకుండా గొడుగు తీసుకుని వెళ్ళిపోయాడు.

చైత్ర మంచం కింద నుంచి బౌలింగ్ సెట్టు లాక్కొచ్చింది. ఆరు ప్లాస్టిక్ సీసాలు, రెండు బంతులు. సీసాలు వరసగా నిలబెట్టి, దూరం నుంచి బంతి దొర్లించి పడగొట్టడమే ఆట. వాన పడితే చాలు, హాల్లో ఇదే పని. సీసాలు టీవీ ముందు పెట్టాలి, పడకగది గడప దగ్గర నిలబడి వేయాలి. ఎర్ర సీసా పడితే, వేసినవాళ్ళు కూడా దబ్బున పడిపోవాలి. అది చైత్ర సొంతంగా పెట్టిన నియమం.

"అమ్మా, ముందు నువ్వు," అంటూ బంతిని శైలజకు ఇచ్చింది.

సోఫా అంచున కూర్చున్న కళ్యాణి తల దించుకుంది. ఆమె వేళ్ళు కొంగు చివర మడతపెడుతూ, విప్పుతూ ఉన్నాయి. చిన్నప్పుడు ఇంట్లో తిట్లు తిన్న ప్రతిసారీ అట్లాగే చేసేది. పొద్దుటి నుంచీ గుండెలో గడ్డకట్టుకుని ఉన్న కోపం ఆ వేళ్ళను చూడగానే శైలజకు నిలవలేదు. లేచి, బంతిని చెల్లెలి చేతిలో పెట్టింది.

కళ్యాణి వేసిన బంతి పక్కకు పోయి తలుపుకు తగిలింది. రెండోదీ అంతే. ఈ పిన్నికి ఆట రాదు, మనమే ఆడదామని చైత్ర విసుక్కుంది. శైలజ పోయి సీసాల పక్కన చతికిలబడింది. మూడోసారి వేసిన బంతి దగ్గరికి వచ్చేసరికి ఎవరికీ కనబడకుండా మోకాలితో ఎర్ర సీసాను తోసింది. అది ఇంకో రెండింటిని పడేసింది. చైత్ర చప్పట్లు కొట్టింది.

"ఇప్పుడు నువ్వూ పడాల," అంది కళ్యాణితో.

కళ్యాణి అక్కవైపు చూసింది. శైలజ తల ఊపింది. కళ్యాణి చాప మీద దబ్బున పడింది. చైత్ర పకపకా నవ్వుతూ ఆమె పొట్టమీదికెక్కి కూర్చుంది. కళ్యాణి చేతులు గాల్లోనే ఆగిపోయాయి. నాలుగేళ్ళలో బిడ్డ తనంతట తాను ఆమెను తాకడం అదే మొదలు. కాసేపటికి ఆ చేతులు భయంభయంగా చైత్ర వీపుమీద వాలాయి.

శైలజ పడిన సీసాలను నిలబెడుతూ ఉంది. కళ్ళు మసకబారి, ఒకదాన్ని రెండుసార్లు నిలబెట్టాల్సి వచ్చింది. ఆపైన చైత్రను దగ్గరికి పిలిచింది.

"నిన్ను కనింది ఈమె, చైత్రా. అమ్మంటే ఈమెనే. నేను నీకు పెద్దమ్మను."

అదీ ఆటలో భాగమే అనుకుంది బిడ్డ. "పెద్దమ్మా, బంతి ఇయ్యి," అని చెయ్యి చాపింది, నవ్వుతూ.

శైలజ బంతి ఇచ్చింది.

వాన తగ్గాక ఆటో వచ్చింది. శైలజ ఎక్కడంలేదని చైత్రకు అప్పుడు అర్థమైంది. "అమ్మా" అని అరిచిన అరుపుకు వీధిలో తలుపులు తెరుచుకున్నాయి. కళ్యాణి బిడ్డను రొమ్ముకు అదుముకుని, తనూ ఏడుస్తూనే, పోనియ్యమని ఆటో అతనికి చెప్పింది. శైలజ గేటు ఊచలు పట్టుకుని నిలబడిపోయింది. ఒక్క అడుగు వేసినా బిడ్డను లాక్కుంటుందని ఆమెకు తెలుసు.

ఎనిమిదో రోజు కళ్యాణి ఫోను చేసింది. చైత్ర అన్నం తింటోందని, బాలరాజు బడిలో చేర్చాడని చెప్పింది.

"అక్కా, నీ గొంతు వింటే బిడ్డ మళ్ళా ఏడుపు మొదలుపెడతాది. కొన్నాళ్ళు ఫోను చేయొద్దు. రావద్దు కూడా. నన్ను తప్పుగా అనుకోవద్దక్కా."

శైలజ సరేనంది. బిడ్డ ఒక్కతే పడుకోదని, పక్కన ఎవరో ఒకరు ఉండాలని చెప్పాలనుకుంది. అవతల చెల్లెలు వెక్కుతూ ఉంది.

"నువ్వు మాత్రలు మానొద్దు," అని మాత్రం చెప్పి పెట్టేసింది.

ఎవరని అడిగాడు వెంకటగిరియప్ప. కళ్యాణి అని, బిడ్డ బాగా తింటోందట అని చెప్పింది. మిగతాది తనలోనే ఉంచుకుంది. ఆయన బాత్రూములోకి పోయి కొళాయి తిప్పాడు. బకెట్టు నిండి, నీళ్ళు పొర్లుతున్న చప్పుడు ఎంతకీ ఆగలేదు. శైలజ తలుపు తట్టలేదు. వంటింట్లోకి పోయి, ఇద్దరికి సరిపడా బియ్యం కడగడం మొదలుపెట్టింది.