ధనరాజ్ డిస్కులో అమ్మ పాట

ధనరాజ్ తన కంప్యూటర్ ముందు కూర్చున్నవాడు కూర్చున్నట్టే ప్రాణం వదిలాడు. పెద్దకర్మ అయిన మర్నాడు అక్క శైలజ అందులోని హార్డ్ డిస్కు తీసి తన లాప్‌టాప్‌కి తగిలించింది. అంతకుముందే విజయనగరంలో రిపేరు షాపాయన ఖాళీ డిస్కేనని, ఫార్మాట్ కొట్టేద్దామని తేల్చేస్తే ఆమెకి ఒళ్లు మండింది. తమ్ముడు వాడింది విండోస్ కాదు, బీఎస్‌డీ అనే వేరే సిస్టమ్. పైకి ఒకటే పార్టిషన్‌లా కనిపించినా దాని కడుపులో మరికొన్ని అరలు ఉంటాయి. అది ఏ రకమో విడమరిచి చెప్తేగానీ తన లాప్‌టాప్‌లోని లినక్స్ తలుపు తీయదు.

చెప్పింది. తీసింది.

లోపల అమ్మ ఊడుపు పాట ఉంది. వాడే రికార్డు చేశాడు. పక్కన కూర్చున్న జగ్గమ్మ తన గొంతు తనే వింటూ కొంగు నోట్లో కుక్కుకుంది. పాట మధ్యలో ఆగి కేకలు మొదలయ్యాయి: "పొలానికి రమ్మంటే రావు. ఆ డబ్బా కాడే సావరా!" రికార్డులోనే వెనకాల ధనరాజ్ పకపకా నవ్వాడు.

జగ్గమ్మ కూతురి చెయ్యి పట్టుకుంది. "ఒసే, పాట ఉంచు. ఆ మాటొక్కటీ తుడిసీయే."

"అవ్వదమ్మా. ఆడి డిస్కుని లినక్స్ సదవనిస్తాది గానీ మార్సనివ్వదు."

జగ్గమ్మ కూతురి చెయ్యి వదిలింది.

"అయితే ఆడి నవ్వు కూడా పోదు గదా," అంది.