భుజం మీద చేయి

“నీ ఇంజక్షను వచ్చే వారం వేయించుకుంటే కొంపలేం మునగవులే. ఇవాళ కాయ టిక్కీ బస్తాలకెత్తి మిర్చి యార్డుకు తోలాలి,” అన్నాడు యలమందయ్య, కల్లంలో మిరపకాయల మీది పట్టా తొలగిస్తూ.

భార్య సుబ్బరావమ్మ చేటలో తాలు కాయలు ఏరుతూనే విన్నది. పైకి ఎర్రగా నిగనిగలాడుతూ లోపల బూజు పట్టిన కాయను తొడిమ చూసి పట్టేయడంలో ఆమె కంటికి ప్రత్తిపాడు చుట్టుపక్కల పేరుంది. ఆ పేరే ఆమెను ఈ కల్లానికి కట్టేసింది. హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరైన మనిషన్న సంగతి ఇంట్లో ఎవరికీ గుర్తు లేదు.

తెల్ల రక్తకణాల పాఠం ఆమె ఏటా ఎంతో ధీమాగా చెప్పేది: శత్రువు కనబడగానే సైనికులు చంపేస్తారు. అది సగం పాఠమేనని మొన్న గుంటూరులో డాక్టరు షానవాజ్ చెబితే తెలిసింది.

“ఊపిరితిత్తిలో క్యాన్సర్ గడ్డను మీ తెల్ల కణాలు గుర్తుపట్టాయమ్మా. చుట్టూ చేరాయి కూడా. కానీ అది వాటిని తాకి, ‘నేను మనదాన్నే, ఆగు’ అంటుంది. సొంత కణాలను కాపాడే గుర్తును అది వాడుకుంటోంది. ఈ మందు గడ్డను చంపదు, ఆ తాకిడిని అడ్డుకుంటుంది. మిగతా పని మీ కణాలదే. అందరికీ పనిచేయదు గానీ మీకు గడ్డ తగ్గుతోంది. ఈ ఇంజక్షను తప్పించకండి.”

తిరుగు బస్సులో ఆ ‘ఆగు’ ఆమెకు పాతవన్నీ గుర్తుచేసింది. అద్దంకిలో హెడ్‌మిస్ట్రెస్ పోస్టు వచ్చిన రోజున, “మనిల్లేమవుతుంది?” అంటూ భర్త భుజం మీద చేయి వేశాడు. ఆమె ఆగింది. మరిది అన్నం కంచం విసిరికొట్టినప్పుడు, “మనవాడేగా, పోనీలే,” అని అత్తగారు అదే భుజం తట్టింది. ఆగింది. నిరుడు దగ్గు పట్టుకున్నప్పుడు, ఇది వేరే దగ్గండీ అని తానే చెప్పింది. “కల్లంలో దగ్గనివాళ్ళెవరే? మిరప ఘాటు,” అని మళ్ళీ ఆ చేయి. ఆమె గుర్తుపట్టని తప్పంటూ ఏదీ లేదు. గుర్తుపట్టిన ప్రతిసారీ ఆగిపోవడమే తన మంచితనమని ఇన్నాళ్ళూ నమ్మింది.

సుబ్బరావమ్మ చేతులు కడుక్కుని ఆసుపత్రి సంచి తీసుకున్నది. యలమందయ్య ఎదురొచ్చి భుజం మీద చేయి వేశాడు.

“మన పనేగా, సుబ్బా. నువ్వేరితేనే రేటొచ్చేది.”

ఆమె ఆ చేతిని తీసి, అందులో చేట పెట్టింది.

“తొడిమ చూసి ఏరండి. దగ్గొస్తే కంగారుపడకండి, మిరప ఘాటే,” అని బస్సు కోసం రోడ్డెక్కింది.