రాజం వేసిన వసారా

బొగ్గుబాయిలో పనిచేసి రిటైరైనవాళ్లు గోదావరిఖని శివారులో సొంతంగా ఇళ్లు కట్టుకున్న కాలనీ అది. దానికో సంఘం, సంఘానికో కమిటీ. ఇంటి బయటి గోడకు రంగు మార్చాలన్నా, మెట్టు ఒకటి పెంచాలన్నా ముందు కమిటీకి కాగితం పెట్టుకోవాలి. రెండువేల తొమ్మిది ఎండాకాలంలో రాజం కూడా పెట్టాడు. ఇంటి ముందు టేకు మొద్దులు నిలబెట్టి, పైన షాబాదు బండలు పరిచి వసారా వేసుకుంటానన్నాడు. బొమ్మ కూడా పాత క్యాలెండరు వెనక తనే గీశాడు.

కమిటీ అధ్యక్షుడు లింగమూర్తి బాయి ఆఫీసులో క్లర్కుగా చేసి రిటైరైన మనిషి. మంచివాడే. కాకపోతే రూలు కనబడితే ఆయనకు మనిషి కనబడడు.

"ఇంజినీరు సంతకం లేదు రాజం. పెట్టిచ్చుకొని రా, తెల్లారి పాసు చేస్త," అన్నాడు.

ఆ మాట రాజానికి ముల్లులా గుచ్చుకుంది. ఎందుకు గుచ్చుకోదు? బొగ్గు తీసిన చోట పైకప్పు కూలకుండా మొద్దులు నిలబెట్టే టింబర్‌మన్‌గా ముప్పై ఏళ్లు చేశాడు. అతను నిలబెట్టిన కప్పు కింద ఒక్క మనిషికి దెబ్బ తగల్లేదు. ఇప్పుడు తన వాకిట్లో పదడుగుల వసారాకు ఎవరో చదువుకున్న పిల్లవాడి సంతకం తెచ్చుకుంటే, ఆ ముప్పై ఏళ్లూ ఉత్తవే అని తనే ఒప్పుకున్నట్టు.

"సంతకమే గద, పెట్టిచ్చుకరారాదు," అంది భార్య సారవ్వ.

"పెట్టియ్య. నా పనికి నేనే సంతకం."

పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం రాజం. అలాగని కమిటీ వద్దన్నది దొంగచాటుగా కట్టే రకమూ కాదు. మళ్లీ లింగమూర్తి దగ్గరికే పోయాడు.

"సార్, సిమెంటు పెట్టకుండ ఉత్తగ నిలబెట్టి చూపిస్త. కమిటీ వచ్చి చూడాలె. వద్దంటే పొద్దుగూకకముందే ఇప్పేస్త. మల్ల అడుగ."

చూడటానికి ఏ రూలూ అడ్డం రాదు కాబట్టి లింగమూర్తి సరేనన్నాడు. కొడుకు భూపాల్ బండలు అందిస్తుంటే రాజం రెండు రోజుల్లో వసారా నిలబెట్టాడు.

ఆదివారం పొద్దున కమిటీ వచ్చింది. లింగమూర్తి గేటు దగ్గరే ఆగి ఫైలు తిరగేస్తున్నాడు. మిగతా ఇద్దరు ఆగయ్య, ముత్యం. రాజం షిఫ్టులోనే బొగ్గు కొట్టిన మనుషులు. వాళ్లు వసారా అంచుదాకా వచ్చి టక్కున ఆగిపోయారు. తలలెత్తి బండలను చూస్తున్నారే తప్ప వాటి కింద అడుగు పెట్టడం లేదు.

రాజం మనసు చివుక్కుమంది. ఎన్నేళ్లు తన కప్పు కింద సద్దులు విప్పుకొని తిన్నారు వీళ్లు. వీళ్లకూ నమ్మకం లేదా?

"ఏందన్న, ఆగినవ్?" అని అడిగాడు.

"నువ్వింక తట్టకపోతివి గద," అన్నాడు ఆగయ్య.

అప్పుడు తెలిసింది రాజానికి. బాయిలో కొత్తగా నిలబెట్టిన కప్పు కిందికి ఎవరూ ముందుగా పోరు. టింబర్‌మన్ ఇనుప చువ్వతో పైన తట్టి, చప్పుడు విని, రమ్మన్నాకే కదులుతారు. బాయి వదిలి ఏళ్లయినా వీళ్ల కాళ్లు ఆ కట్టుబాటును వదల్లేదు.

రాజం లోపలికి పోయి చువ్వ పట్టుకొచ్చాడు. ఒక్కో బండనూ తట్టాడు, చెవి ఒగ్గి విన్నాడు. ఒకచోట చప్పుడు డొల్లగా వినబడితే మొద్దు మీద చెక్కముక్క బిగించి మళ్లీ తట్టాడు. ఈసారి గట్టిగా కంగుమంది.

"రాండ్రి," అన్నాడు.

ఇద్దరూ వచ్చి కూర్చున్నారు. ముత్యమైతే మొద్దుకు వీపు ఆనించి కాళ్లు చాపుకున్నాడు.

"సంతకం సంగతి తేలకముందే కూసుంటిరేంది?" అన్నాడు లింగమూర్తి గేటు దగ్గరి నుంచే.

"సార్, ఈయన ఆగుమంటే ఆగినం, రమ్మంటే పోయినం," అన్నాడు ఆగయ్య. "ముప్పయ్యేండ్లు రోజూ ఇంటికి మల్లొచ్చినం. బాయిల ఇంజినీర్లు గూడ ఈయన తట్టినంకనే లోపటికి వచ్చేటోళ్లు. ఇంకెవల సంతకం కావాలె?"

ఉద్యోగమంతా ఫైళ్ల మధ్య గడిపిన లింగమూర్తి ఒక్కరోజూ బాయిలోకి దిగి ఎరగడు. కాసేపు బండల వైపు, కాసేపు రాజం వైపు చూసి, ఫైలును గేటు మీద ఆనించి సంతకం పెట్టాడు. పెట్టి, వసారా అంచుదాకా వచ్చి నిలబడ్డాడు.

"రావచ్చునా రాజం?"

ఆఫీసు మనిషి రాజాన్ని అనుమతి అడగడం బతుకులో ఇదే మొదలు. అయినా వెంటనే రమ్మనలేదు. లింగమూర్తి నడిచి వచ్చే చోట పైనున్న బండను ఇంకోసారి తట్టి, విని, అప్పుడు రమ్మన్నాడు.