సగంలో ఆగిన బాపు పాట

ఆదిలాబాద్ మొత్తంలో తనకు తెలియని కంప్యూటర్ లేదని జోయల్ నమ్మకం. చనిపోయిన తండ్రి, బాపు తోమాసు చర్చిలో పాడిన పాటలన్నీ ఇంట్లో ఒకచోట ఉండాలి, కన్నతల్లి అవ్వ అడిగినప్పుడల్లా టీవీలో వినిపించాలి. అందుకోసం రాత్రింబవళ్లు నడిచినా కరెంటు తాగని చిన్న బోర్డు కంప్యూటర్ కోసం నెలంతా వెతికి, అరచేతిలో పట్టేది ఒకటి తెచ్చాడు.

"గిది బెడ్‌లైటంత కరెంటు గూడ తాగది," అని చెల్లెలు గ్రేస్‌కు పాఠం మొదలుపెట్టాడు.

"దాని ఛార్జర్ గూడ తెచ్చుకో అన్నా."

"పాత ఫోన్‌ది ఉన్నది తియ్. గింత దానికి గదే ఎక్కువ."

బోర్డుకు నెల పట్టింది, ఛార్జర్‌కు నిమిషం పట్టలేదు. మనవాడి తెలివి అలాంటిది.

తోమాసు పోయి ఏడాదైన రోజు ఇంట్లో జ్ఞాపకార్థ కూటం పెట్టారు. చాపల మీద చుట్టాలు, కుర్చీలో పాస్టరుగారు. జోయల్ బోర్డుకు కలిపిన టీవీ పెట్టాడు. తోమాసు గొంతు రెండో చరణం ఎత్తుకుంది. అవ్వ ఎలీసబెతు కొంగుతో కళ్లు ఒత్తుకుంటూ లేచి స్విచ్చుల దగ్గరికి వెళ్లింది. అంతలోనే పాట ఆగి, తెర నల్లబడింది.

"అవ్వా! ఏం ఒత్తినవ్? నీకు తెల్వనియి ముట్టకని ఎన్నిసార్లు చెప్పాలె?" అందరి ముందే అరిచాడు జోయల్.

"ఉక్కపోస్తుందని ఫ్యాన్ ఏసిన బిడ్డా," అంది ఆమె, స్విచ్చుల దగ్గర నిలబడే.

పాస్టరుగారు కల్పించుకుని, "ప్రార్థన చేద్దాం. ఎలీసబెతమ్మా, నువ్వే చెయ్యి," అన్నారు. అందరూ కళ్లు మూసుకున్నారు.

"ప్రభువా, ఆయన పాట నా చెయ్యితోనే ఆగిపాయె. ఇననీకి వచ్చినోళ్లందరిని బాధ పెట్టిన. నన్ను క్షమించు..."

జోయల్ కళ్లు తెరిచాడు. ఎవరూ ముట్టకుండానే బోర్డు తనంతట తానే మళ్లీ లేచింది. తెర మూలన మెరుపు గుర్తు, కరెంటు చాలడం లేదన్న హెచ్చరిక. వారం నుంచి చూస్తూనే ఉన్నాడు, ఏం కాదులే అనుకున్నాడు. సిగ్గుతో అతని చెవులు కాలిపోయాయి. ఇప్పుడు ఆమెన్ అంటే ఆ తప్పు అవ్వ మీదే ఉండిపోతుంది.

"అవ్వా, జర ఆగు. నువ్వేం చెయ్యలే. తప్పు నాది, నేను పెట్టిన ఛార్జర్‌ది."

ప్రార్థనలో ఎవరూ అడ్డం మాట్లాడరు. అయినా ఒక్కరూ కళ్లు తెరిచి చూడలేదు. తిట్టినా బాగుండేది అనిపించింది అతనికి.

ఎలీసబెతు కూడా కళ్లు తెరవలేదు. "ప్రభువా, పిల్లగాడు అందరి ముంగట ఒప్పుకున్నడు. వానికి మస్తు సిగ్గయితుంటది. వాన్ని ఏమనకు," అంది.

అందరూ ఆమెన్ అన్నారు. జోయల్ ఆ పాత ఛార్జర్ పీకి జేబులో వేసుకున్నాడు.