సూర్యకళ గంపలో ఎర్రతల బాతు

సూర్యకళకు బాతుదొంగ అని పేరుపడి వారమైంది. ఊళ్ళో కొత్తగా పెట్టిన ఎస్టీడీ బూత్ దగ్గర, ఫోన్ చేయడానికి వచ్చినవాళ్ళు ఆ పని మానేసి మరీ ఇదే మాట్లాడుకుంటున్నారు. ఏ నగో నట్రో అయితే ఆ దర్జా వేరు. తలెత్తుకు తిరిగే మనిషికి బాతు దొంగతనమేమిటి!

జరిగింది ఇంతే. చలికాలం మొదట్లో ఆవిడ మొగుడు అచ్చిబాబు పెద్దచెరువులో వేసిన వలలో ఓ బాతు చిక్కుకుంది. రెక్కకు గాయమైందని ఇంటికి తెచ్చాడు. సూర్యకళ పసుపు రాసి, నానబెట్టిన వడ్లు పెట్టి దాన్ని బతికించింది. అది ఎర్రటి కళ్ళతో తనవంకే చూస్తుంటే ఆవిడకు పొద్దుటి కాఫీ కూడా గుర్తొచ్చేది కాదు.

సరిగ్గా అప్పుడే పక్కింటి శ్యామలాంబ పెంపుడు బాతు, అదీ ఎర్రతలదే, కనిపించకుండా పోయింది. ఆవిడ గోడ మీంచి తొంగిచూసి, ఇది నా బాతేనని ఊరంతా చాటింది. అచ్చిబాబు వల సంగతి చెప్పాడు గానీ, పెళ్ళాం తరఫున మొగుడి సాక్ష్యం ఎవరికి కావాలి? పోనీ ఇచ్చేద్దామన్నాడు. ఇస్తే దొంగనని ఒప్పుకున్నట్టేనని సూర్యకళ ఒంటికాలి మీద లేచింది.

ఆవిడ కొల్లేటి ఒడ్డున పుట్టిన మనిషి. ఇలాంటి బాతుల్ని వాళ్ళ నాన్న చిలువలనేవాడు. అవి చలికాలం వచ్చి, ఎండలు ముదిరేలోపు పోతాయి. లోతు నీళ్ళలో నిలువునా మునిగి అడుగున నాచు తింటాయి. కాళ్ళు బాగా వెనక్కి ఉంటాయి కాబట్టి నేల మీద తూలుతూ నడుస్తాయి. పెంపుడు బాతు తల ముంచి తోక లేపడమే తప్ప అలా మునగదు. ఇదంతా చెబితే, కాలు విరగ్గొట్టావు కాబట్టే తూలుతోందని శ్యామలాంబ దెప్పింది.

దాంతో ఆదివారం పొద్దున్న సూర్యకళ బాతును గంపలో పెట్టుకుని చెరువుకు బయలుదేరింది. వెనకాల సగం ఊరు. తీరా గట్టెక్కాక మూత తీయడానికి చెయ్యి రాలేదు. పేరు నిలబడాలంటే బాతు పోవాలి. బాతు పోకపోతే పేరు పోతుంది. ఆవిడకు ఏడుపొచ్చినంత పనైంది.

"మునిగితే అడవి బాతు, తోక లేపితే మీ బాతు. సరేనాండి పిన్నిగారూ?" అంది.

శ్యామలాంబ సరేనంది.

సూర్యకళ మూత తీయగానే బాతు నీళ్ళలోకి జారి తామరాకుల దాకా ఈదింది. అక్కడ చిన్నగా ఎగిరి, తలకిందులై మాయమైంది. ఎంతకీ పైకి రాదు. ముందు కంగారుపడింది శ్యామలాంబే, ఎవరైనా దూకండర్రా అని. అప్పుడు చెరువు నడుమ ముక్కున నాచుతో తేలింది బాతు. కాసేపటికి నీళ్ళ మీద టపటపా పరుగెత్తి గాల్లోకి లేచి, అవతల తేలుతున్న తన గుంపులో వాలింది. జనం చప్పట్లు కొట్టారు.

"నీ బాతేనే తల్లీ," అంది శ్యామలాంబ.

"నాదీ కాదండి," అంది సూర్యకళ కళ్ళు తుడుచుకుని నవ్వుతూ.

శ్యామలాంబ ఆ ఖాళీ గంప లాక్కుని తన నెత్తిన పెట్టుకుంది. దారిలో ఎస్టీడీ బూత్ దగ్గర ఆగి, అది అడవి బాతేనని, తనకు మొదట్నించీ అనుమానంగానే ఉందని అందరికీ చెప్పింది.